'రాజును పంపడానికి ఖా ఒప్పుకోడు, సమాధి తవ్వడానికి బాయ్ ఒప్పుకోడు' – ఎవరీ ఇద్దరు?

కొల్లేరు కొంగ | శుక్రవారం, రాత్రి 9:12

పోయిన నెల వియత్నాం వెళ్ళొచ్చాం. బీచ్ ఫోటోలు వాట్సాప్‌లో చూసి చూసి జనం ఇప్పటికే విసిగిపోయారు కాబట్టి ఇక్కడ వేరే సంగతి.

హుయే అనే ఊరు ఙుయెన్ రాజుల రాజధాని, 1802 నుంచి 1945 దాకా. సింహాసన మందిరం ముందు రాళ్ళు పరిచిన పెద్ద ఆవరణ ఉంది. రెండు పక్కలా వరసగా చిన్న రాతి పలకలు నిలబెట్టి, ఒక్కోదాని మీద చైనా అక్షరాలు చెక్కారు. నేను సమాధులనుకున్నా. గైడు నవ్వి, దర్బారు రోజున ఏ అధికారి ఎక్కడ నిలబడాలో చెప్పే గుర్తులవి అంది. మొత్తం తొమ్మిది తరగతులు. ఒకటి నుంచి మూడు వరకు పై మెట్టు మీద సింహాసనానికి దగ్గరగా, మిగతా వాళ్ళు కింద. రాజుకు ఎడమ పక్క పౌర అధికారులు, కుడి పక్క సైన్యం వాళ్ళు. మా ఆవిడ నన్ను తొమ్మిదో రాయి దగ్గర నిలబెట్టి ఫోటో తీసింది. తను మాత్రం ఒకటో రాయి దగ్గర తీయించుకుంది.

ఫ్రెంచి వాళ్ళొచ్చాక కూడా వీళ్ళు ఇలాగే నిలబడేవాళ్ళా అని అడిగితే గైడు ఒక సామెత చెప్పింది. రాసిచ్చిన కాగితం ఇంకా పర్సులో ఉంది. 'రాజును ప్రవాసం పంపడానికి ఖా ఒప్పుకోడు, సమాధి తవ్వడానికి బాయ్ ఒప్పుకోడు' అని అర్థమట. అంతలో వాన మొదలైంది, పరుగెత్తాం. ఎవరీ ఖా, ఎవరీ బాయ్? ఎవరి సమాధి?

నాలుగో అటెంప్ట్ | శుక్రవారం, రాత్రి 9:20

బాయ్ అంటే మన సుల్తాన్ బజార్ భాయ్ అనుకున్నా. ఫాలో అవుతున్నా.

పాత కాగితాలు | శుక్రవారం, రాత్రి 10:47

ఇద్దరూ హుయే కొలువులో పెద్ద అధికారులే. ఖా పూర్తి పేరు ఙో దిన్ ఖా. బాయ్ అంటే ఙుయెన్ హూ బాయ్. కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను, లేకపోతే సామెతలోని కారం తెలియదు.

1884 జూన్ ఒప్పందంతో మధ్య, ఉత్తర వియత్నాం ఫ్రాన్స్ 'రక్షణ' కిందకి వచ్చాయి. దక్షిణం అప్పటికే నేరుగా వాళ్ళ కాలనీ. మధ్య భాగంలో రాజు ఉన్నాడు, కొలువు ఉంది, ఆరు మంత్రిత్వ శాఖలు ఉన్నాయి: ఉద్యోగులు, ఖజానా, ఆచారాలు, యుద్ధం, న్యాయం, నిర్మాణాలు. మొదట్లో ఫ్రెంచి వాళ్ళు వీటిని కదపలేదు. 1897లో పాల్ దూమేర్ గవర్నర్ జనరల్‌గా దిగాక అసలు కథ మొదలైంది. రాజుకు సలహా చెప్పే రహస్య మండలి ఉండేది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ఆ మండలికి అధ్యక్షుడు రాజు మనిషి కాదు, హుయేలోని ఫ్రెంచి రెసిడెంట్ సుపీరియర్, అంటే మధ్య వియత్నాంలో ఫ్రాన్స్ తరఫు పెద్ద దొర. మరుసటి ఏడు పన్నుల వసూలు కూడా వాళ్ళ చేతికి పోయింది. రాజు భత్యం, మంత్రుల జీతాలు ఫ్రెంచి బడ్జెట్ నుంచి రావడం మొదలైంది.

అంటే దండం పెట్టేది ఒకరికి, జీతం తీసుకునేది ఇంకొకరి దగ్గర.

ఇక మన ఇద్దరు. ఇద్దరూ క్యాథలిక్కులు. ఇద్దరినీ మిషనరీలు చిన్నతనంలోనే మలయా తీరంలోని పెనాంగ్ సెమినరీకి పంపారు. అక్కడ లాటిన్, ఫ్రెంచి నేర్చుకున్నారు. ఫాదర్లు కాకుండా తిరిగొచ్చి, దుబాసీ పని పట్టుకుని కొలువులో పైకొచ్చారు. సాధారణంగా ఈ పదవులకు దారి వేరు, ఏళ్ళ తరబడి కన్ఫ్యూషియస్ గ్రంథాలు బట్టీ పట్టి పరీక్షలు రాయాలి. వీళ్ళది పక్కదారి. అందుకే పాత పండితులకు వీళ్ళంటే చిన్నచూపు.

ఖా 1896లో హుయేలో మొదలైన క్వోక్ హోక్ పాఠశాలకు తొలి అధిపతి. 1907లో థాన్ థాయ్ రాజుకు పిచ్చి పట్టిందని చెప్పి, గద్దె దింపడానికి మంత్రుల చేత సంతకాలు పెట్టించారు ఫ్రెంచి వాళ్ళు. ఖా పెట్టలేదు. ఉద్యోగం వదిలి ఇంటికి పోయాడు. రాజును మొదట వుంగ్ తావ్ తీరంలో ఉంచారు, తర్వాత 1916లో రీయూనియన్ దీవికి ఓడెక్కించారు. సామెతలో మొదటి సగం ఇది. రెండో సగం రేపు. కరెంటు పోయేలా ఉంది.

మెట్టవలస మాస్టారు | శనివారం, ఉదయం 5:58

ముందు ఒక ఆనందం పంచుకోనివ్వండి. 'ఙుయెన్' అని ఙ పెట్టి రాశారు చూడండి, చేతులెత్తి దండం పెట్టాలి. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల చేత ఙ దిద్దించాను. ఏ ఒక్కడూ జీవితంలో దాన్ని వాడి ఉండడు. అది వియత్నాం పేర్ల కోసం దాచిపెట్టిన అక్షరమని ఇప్పుడు తెలిసింది.

ఇంకో మాట. ఈ అధికారులను యూరప్ వాళ్ళు 'మాండరిన్' అంటారు కదా. అది చైనా మాట కాదు, వియత్నాం మాటా కాదు. మన 'మంత్రి' మలయ్ భాషలోకి వెళ్ళి 'మెంతెరి' అయింది. పోర్చుగీసు నావికుల నోట్లో పడి మాండరిన్ అయింది. వియత్నాంలో వాళ్ళను 'క్వాన్' అంటారు.

యానాం చిన్నోడు | శనివారం, ఉదయం 8:15

మేము 1954 దాకా ఫ్రెంచి జెండా కింద ఉన్నవాళ్ళం కాబట్టి ఈ థ్రెడ్‌లో మాకు స్పెషల్ సీటు కావాలి. పుదుచ్చేరి, కారైకాల్ వాళ్ళు చాలామంది అప్పట్లో సైగాన్‌లో పోలీసు, పన్నుల శాఖ ఉద్యోగాలకు వెళ్ళేవారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు 'సైగోను జీతం' అని ఒక మాట వాడేవాళ్ళు. చాలా ఎక్కువ జీతం అనే అర్థంలో.

సరళరేఖ | శనివారం, ఉదయం 10:31

పాత కాగితాలు గారూ, సామెత బాగుంది కానీ నాకు ఒక్కటి మింగుడు పడటం లేదు. ఖా 1907లో సంతకం పెట్టలేదు సరే. అంతకు ముందు పదేళ్ళు, పదిహేనేళ్ళు ఏం చేశాడు? ఆ కొలువులో ఊరికే పైకి రానిస్తారా?

పాత కాగితాలు | శనివారం, మధ్యాహ్నం 1:05

సరళరేఖ గారు సరిగ్గా నొప్పి ఉన్న చోటే వేలు పెట్టారు. చెబుతాను. దానికోసం మూడో మనిషిని తీసుకురావాలి.

ఫాన్ దిన్ ఫుంగ్. హా తిన్ ప్రాంతం వాడు. 1877లో రాజధాని పరీక్షలో ఫస్టు వచ్చాడు. కొలువులో తప్పులెంచే అధికారిగా చేరాడు, అంటే రాజుకైనా 'ఇది తప్పు' అని చెప్పడమే ఉద్యోగం. 1883లో తు దుక్ రాజు చనిపోయాక వారసుణ్ణి మార్చేసిన పెద్ద మంత్రిని నిండు కొలువులో ఎదిరించి పదవి పోగొట్టుకున్నాడు. 1885 జూలైలో అదే పెద్ద మంత్రి హుయేలో ఫ్రెంచి దండు మీద రాత్రికి రాత్రి దాడి చేసి, ఓడి, బాలరాజు హామ్ ఙిని తీసుకుని అడవుల్లోకి పోయాడు. రాజు పేరుతో తిరుగుబాటుకు పిలుపు వచ్చింది. తనను కొలువు నుంచి తరిమిన మనిషి ఇచ్చిన పిలుపే అయినా ఫుంగ్ పాత పగ పక్కన పెట్టి వెళ్ళాడు. 1888లో బాలరాజు పట్టుబడి అల్జీరియా పాలయ్యాక కూడా ఈయన కొండల్లోంచి దిగలేదు. పదేళ్ళు పోరాడాడు.

ఈయనను లొంగదీయడానికి రెండు పనులు చేశారు. మొదటిది, సొంత ఊరివాడి చేత ఉత్తరం రాయించడం. ఆ ఊరివాడు హోవాంగ్ కావ్ ఖాయ్. ఉత్తర వియత్నాంకు రాజప్రతినిధి, ఫ్రెంచి వాళ్ళకు బాగా కావలసినవాడు. ఒకే ఊరు, ఒకే చదువు, ఒకడు పల్లకీలో, ఒకడు అడవిలో. ఫుంగ్ మర్యాదగా జవాబు రాసి, రానన్నాడు. రెండోది, కుటుంబం. అన్నను పట్టుకున్నారు, వంశ సమాధులు తవ్వించారు. దానికి ఆయన అన్నట్టు చెప్పే మాట వియత్నాంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తాను కాపాడాల్సింది ఒకే ఒక్క పెద్ద సమాధి అని, అది దేశమంతా అని. తనకు అన్న ఒక్కడే కాదని, కోట్ల మంది ఉన్నారని.

చివరికి విరేచనాల రోగంతో కొండల్లోనే చనిపోయాడు, 1895–96 చలికాలంలో. వేటాడిన సైన్యానికి నాయకుడు ఙుయెన్ థాన్ అనే మాండరిన్. పాతిపెట్టిన శవాన్ని తవ్వి తీయించి, కాల్చి, బూడిదను తుపాకి మందులో కలిపి పేల్చాడని చెబుతారు.

ఆ దండులో క్యాథలిక్ మనుషులను వెంటేసుకుని వెళ్ళినవాళ్ళలో ఒకడు ఙో దిన్ ఖా.

సరళరేఖ | శనివారం, మధ్యాహ్నం 1:22

...

సామెతలో ఆ సమాధి గురించి ఎవరూ రాయలేదన్నమాట.

రాగిసంకటి | శనివారం, మధ్యాహ్నం 2:40

రాజుగారి సమాధి తవ్వితే సామెత. తిరుగుబాటుదారుడి సమాధి తవ్వితే ప్రమోషన్. మా వైపు దీన్ని 'అయినవాడికి ఆకుల్లో, కానివాడికి కంచాల్లో' అంటారు. కాదు, తిరగేసి చెప్పానేమో, మాస్టారు చూడండి.

మెట్టవలస మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:02

తిరగేయలేదు నాయనా, బాగానే చెప్పావు. ఇక్కడ అతికిందా లేదా అన్నది వేరే చర్చ.

పాత కాగితాలు | శనివారం, సాయంత్రం 6:18

ఇక బాయ్ గారి సగం.

1912లో హుయేకి కొత్త రెసిడెంట్ సుపీరియర్ వచ్చాడు. పేరు మాహే. మన యానాం చిన్నోడికి పక్కవాటాలా ఉండే మలబారు మాహె కాదు, మనిషి పేరు. ఈయనకు బంగారం పిచ్చి. తు దుక్ రాజు సమాధిలో నిధి ఉందని ఎవరో చెవిలో ఊదారు. తవ్విద్దాం, మంత్రులందరూ సంతకాలు పెట్టండి అన్నాడు. అప్పుడు రాజు దుయ్ తాన్. వయసు పన్నెండు, పదమూడు. గద్దె దింపిన థాన్ థాయ్ కొడుకే.

అక్కడి వాళ్ళకు పూర్వీకుల సమాధి అంటే ఏమిటో ఊహించుకోండి. వాళ్ళ కొత్త సంవత్సరం పండక్కి ముందు ఇంటిల్లిపాదీ వెళ్ళి గడ్డి పీకి, శుభ్రం చేసి, అగరొత్తులు వెలిగిస్తారు. ఊళ్ళో మామూలు రైతు సమాధిని కదిపితేనే కత్తులు లేస్తాయి. అలాంటిది రాజు సమాధి. బాయ్ ఒక్కడే సంతకం పెట్టనన్నాడు. కుర్ర రాజు కూడా మొండికేశాడు. గొడవ ముదిరి హనోయ్‌లో గవర్నర్ జనరల్ సారో దాకా పోయింది. ఆ తర్వాత మాహే హుయేలో ఎక్కువ కాలం నిలవలేదు.

బాయ్ ఉద్యోగం పోలేదు. అది గమనించండి. ఖా కాదన్నాడు, ఇంటికి పోయాడు. బాయ్ కాదన్నాడు, పైకి పోయాడు. 1917కల్లా ఉద్యోగుల శాఖ మంత్రి, అంటే ఎవరిని ఎక్కడికి బదిలీ చేయాలో ఆయన చేతిలో. 1922లో ఖాయ్ దిన్ రాజు మార్సేయ్ వలస ప్రదర్శన కోసం ఫ్రాన్స్ వెళ్తే వెంట ఈయనా ఉన్నాడు. 1923 నుంచి రహస్య మండలికి పెద్ద. పెద్ద బిరుదు కూడా వచ్చింది.

1925 నవంబరులో ఖాయ్ దిన్ చనిపోయాడు. పన్నెండేళ్ళ కొడుకు బావో దాయ్ ఫ్రాన్స్‌లో చదువుకుంటున్నాడు. ఆ నెల 6న ఒక ఒప్పందం రాయించారు. దాని ప్రకారం పూజలు, బిరుదులు, క్షమాభిక్షలు రాజుకు, మిగతా పరిపాలనంతా రెసిడెంట్‌కు. అప్పుడు కొలువుకు పెద్ద బాయ్ గారే. సమాధి దగ్గర కాదన్న మనిషి ఇక్కడ కాదనలేకపోయాడు.

నాలుగో అటెంప్ట్ | శనివారం, రాత్రి 7:50

అన్నా, నా లెవెల్ ప్రశ్న ఒకటి. ఆ పరీక్షలు ఎలా ఉండేవి? ఎంతమంది రాసేవాళ్ళు, ఎన్నిసార్లు రాయొచ్చు? టెన్షన్ పడే వాళ్ళ బాధ టెన్షన్ పడేవాళ్ళకే తెలుస్తుంది.

పాత కాగితాలు | శనివారం, రాత్రి 9:33

నీ కోసమే ఈ పోస్టు తమ్ముడూ.

ప్రాంతీయ పరీక్ష మూడేళ్ళకోసారి. హాలు లేదు, బెంచీ లేదు. పొలంలాంటి ఖాళీ స్థలం చుట్టూ దడి. అభ్యర్థి తన గుడారం, వెదురు మంచం తానే భుజాన మోసుకు రావాలి. మెడలో సిరా సీసా, వీపు మీద గుడారం కట్టె, చేతిలో అన్నం మూట. తెల్లవారకముందే పేర్లు పిలుస్తారు. లోపలికి వెళ్ళి గుడారం వేసుకుని, ఆ వెదురు మంచం మీద కూర్చుని సాయంత్రం దాకా రాయాలి. వాన పడిందా, నీ కాగితం నీ ఖర్మ. రాజవంశంలో ఎవరి పేరైనా ఉన్న అక్షరం పొరపాటున వాడితే, వ్యాసం ఎంత గొప్పదైనా తప్పినట్టే. ఒక్కోసారి శిక్ష కూడా. అలాంటి ఘట్టాలు కొన్ని దాటితే పట్టా. అది ఉంటేనే హుయేలో రాజధాని పరీక్షకు అర్హత.

ఎన్నిసార్లయినా రాయొచ్చు. వయసు లిమిట్ లేదు. తండ్రీ కొడుకులు పక్కపక్క గుడారాల్లో రాసేవాళ్ళు కూడా ఉండేవారు.

ఫ్రెంచి పాలనలో, ఈ పరీక్షల చివరి దశాబ్దంలో రోమన్ లిపి వియత్నామీ, ఫ్రెంచి భాష కూడా చొప్పించారు. ఉత్తరాన చివరి ప్రాంతీయ పరీక్ష 1915లో నామ్ దిన్‌లో. మధ్య భాగంలో 1918లో. హుయేలో రాజధాని పరీక్ష ఆఖరిసారి 1919లో. అప్పటికే పరిపాలన స్కూళ్ళు వచ్చేశాయి. ఫ్రెంచి రాగలిగితే చాలు, నాలుగు పుస్తకాలు, అయిదు గ్రంథాలు అక్కర్లేదు. ముప్పై ఏళ్ళు బట్టీ పట్టినవాళ్ళు ఊళ్ళలో పంతుళ్ళుగా, నాటు వైద్యులుగా మిగిలిపోయారు.

నాలుగో అటెంప్ట్ | శనివారం, రాత్రి 9:41

మంచం మోసుకెళ్ళడమా!! మా సెంటర్లో ఫ్యాను తిరగలేదని నేను ఏడ్చాను.

గట్టు మీద గౌరి | ఆదివారం, ఉదయం 7:20

చాలా రోజులకు లాగిన్ అయ్యాను ఈ థ్రెడ్ కోసమే. నేను కొంతకాలం ఉద్యోగం మీద దా నాంగ్‌లో ఉన్నాను. పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఒక మనిషి గురించి చెబుతా, ఎందుకంటే మాండరిన్ అంటే అందరూ బాయ్ లాంటి ఒకటో తరగతి వాళ్ళనే తలుచుకుంటారు.

ఙుయెన్ సిన్ సాక్. న్ఘే ఆన్ ప్రాంతం రైతు ఇంటి మనిషి. 1894లో ప్రాంతీయ పరీక్ష పాసయ్యాడు. 1895లో రాజధాని పరీక్ష తప్పాడు. ఊరికి పోకుండా భార్యనీ, ఇద్దరు మగపిల్లలనీ హుయే తెచ్చుకున్నాడు. కోట లోపల చిన్న ఇల్లు. ఆమె మగ్గం నేసి ఇల్లు నడిపేది. 1898లో మళ్ళీ తప్పాడు. 1900లో పరీక్షల డ్యూటీ మీద వేరే ఊరు వెళ్ళాడు. ఆయన అక్కడుండగానే 1901 మొదట్లో హుయేలో కానుపు తర్వాత భార్య చనిపోయింది. ఇంట్లో ఉన్నది పదేళ్ళ చిన్న కొడుకు, రోజుల పసిగుడ్డు. పండగ దగ్గర పడుతున్న రోజులు, వీధి అంతా సందడి. ఆ పిల్లాడు పసివాణ్ణి ఎత్తుకుని ఇరుగుపొరుగు ఇళ్ళకు పాల కోసం తిరిగాడని అక్కడ చెబుతారు. ఆ బిడ్డ కూడా బతకలేదు.

అదే ఏడు సాక్ పాసయ్యాడు, రెండో జాబితాలో, అంటే పాసైనవాళ్ళలో కింది శ్రేణిలో. ఊరివాళ్ళు మేళతాళాలతో తీసుకెళ్ళి, అయిదు గదుల ఇల్లు కట్టిచ్చి, పొలమిచ్చారు. ఎవరి మగ్గం మీద ఆ పాసు వచ్చిందో ఆమె లేదు.

ఉద్యోగానికి మాత్రం వెంటనే వెళ్ళలేదు. సంతాపం అని, ఒంట్లో బాగోలేదని వాయిదాలు వేస్తూ 1906 దాకా లాగాడు. చివరికి ఆచారాల శాఖలో చిన్న గుమాస్తా స్థాయి పని. 'దొరతనం అంటే బానిసల్లో బానిసతనం, ఇంకా మాట్లాడితే అంతకన్నా బానిసతనం' అనేవాడని ప్రసిద్ధి. 1909లో బిన్ దిన్ ప్రాంతంలో బిన్ ఖే అనే తాలూకాకు అధికారిగా వేశారు. మన లెక్కన తహసీల్దారు అనుకోండి, మెజిస్ట్రేటు పని కూడా ఆయనదే. ఏడాది తిరక్కుండా ఆయన ఉత్తర్వు మీద బెత్తం దెబ్బలు తిన్న మనిషి ఒకడు కొన్నాళ్ళకు చనిపోయాడు. 1910లో ఉద్యోగం తీసేశారు. తర్వాత దక్షిణానికి పోయి, నాడి పట్టి మందులిస్తూ, ఊళ్ళు తిరుగుతూ 1929లో కావ్ లాన్‌లో చనిపోయాడు.

పాల కోసం తిరిగిన ఆ చిన్న కొడుకు పేరు మీకు తెలుసు. హో చి మిన్.

కొల్లేరు కొంగ | ఆదివారం, ఉదయం 7:58

ఒళ్ళు జలదరించింది గౌరి గారూ. ఆ చిన్న ఇల్లు ఉన్న వీధిలోంచే మేము ఆటోలాంటి దాంట్లో వెళ్ళాం. 'అంకుల్ హో చిన్నప్పటి ఇల్లు' అని బోర్డు చూశా. దిగలేదు.

గట్టు మీద గౌరి | ఆదివారం, ఉదయం 8:30

ఇంకా విచిత్రం వినండి. ఆ కొడుకు 1911 జూన్‌లో సైగాన్ నుంచి ఓడలో వంటపనికి చేరి ఫ్రాన్స్ వెళ్ళాడా, సెప్టెంబరులో మార్సేయ్ నుంచి పారిస్‌లోని వలస పాఠశాలలో సీటు కోసం అర్జీ పెట్టాడు. వలస పరిపాలనకు అధికారులను తయారుచేసే స్కూలు అది. సీటు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటారు.

రాగిసంకటి | ఆదివారం, ఉదయం 9:05

ఒక అర్జీ రిజెక్ట్ చేసినందుకు సామ్రాజ్యం పోగొట్టుకున్న మొదటి గుమాస్తా.

సరళరేఖ | ఆదివారం, ఉదయం 9:40

గౌరి గారూ, మీరు సాక్ గారి మీద జాలితో రాశారు. బాగుంది. కానీ దెబ్బలు తిని చనిపోయినవాడి ఇంట్లో ఎవరు మగ్గం నేశారో ఎవరూ రాయరు. అది కూడా ఆ ఉద్యోగంలో భాగమే కదా. ఫ్రెంచి వాళ్ళు చేతికి మట్టి అంటకుండా కూర్చుంటారు, బెత్తం మాత్రం క్వాన్ చేతిలో.

పాత కాగితాలు | ఆదివారం, ఉదయం 11:15

సరళరేఖ గారి మాటనే 1906లో ఒకాయన గవర్నర్ జనరల్‌కి బహిరంగ లేఖగా రాశాడు. ఫాన్ చౌ చిన్. 1901లో సాక్ పాసైన అదే రెండో జాబితాలో ఈయన పేరూ ఉంది, బ్యాచ్‌మేట్లు. ఇద్దరూ అదే ఆచారాల శాఖలో వేర్వేరు కాలాల్లో పనిచేశారు. చిన్ మాత్రం తొందరగానే రాజీనామా పారేశాడు. ఆయన లేఖ సారం ఒక్క ముక్కలో ఇది: మాండరిన్లు జనాన్ని పీల్చుకు తింటున్నారు, మీరు వాళ్ళకు గొడుగు పడుతున్నారు. 1908లో పన్నుల మీద మధ్య వియత్నాంలో రైతులు లేచినప్పుడు ఈ లేఖే సాక్ష్యంగా ఈయన్ని కోన్ దావో దీవి జైలుకు పంపారు. తర్వాత ఫ్రాన్స్ వెళ్ళాడు. 1926 మార్చిలో సైగాన్‌లో చనిపోతే అంత్యక్రియలకు ఊరు ఊరంతా కదిలింది.

యానాం చిన్నోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

నిజాం కొలువులో కూడా ఇంతే కదా? కోఠీ రెసిడెన్సీలో ఇంగ్లీషు దొర, పాలెస్‌లో నిజాం.

పాత కాగితాలు | ఆదివారం, మధ్యాహ్నం 12:45

పోలిక కొంతవరకే. హైదరాబాదులో దివాను జీతం నిజాం ఖజానా నుంచి వచ్చేది. రెసిడెంట్ ఒత్తిడి బయట నుంచి. హుయేలో మంత్రుల సమావేశానికి అధ్యక్ష కుర్చీలోనే రెసిడెంట్ కూర్చున్నాడు. ఆ తేడా చిన్నది కాదు.

నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 1:00

నిజాం చర్చకు వేరే దారం ఉంది, అక్కడ ఇప్పటికే పద్నాలుగు పేజీలు కొట్టుకున్నారు. దయచేసి దాన్ని ఇక్కడికి తేవద్దు.

మెట్టవలస మాస్టారు | ఆదివారం, సాయంత్రం 4:30

పాత కాగితాలు గారూ, 1916లో ఆ కుర్ర రాజు దుయ్ తాన్ కూడా తిరగబడ్డాడని ఎప్పుడో చదివాను. అప్పుడు ఈ మంత్రులు ఎటు నిలబడ్డారు?

పాత కాగితాలు | ఆదివారం, రాత్రి 8:52

మాస్టారూ, మీకు నచ్చే శ్లేష కూడా ఇందులో ఉంది.

1916 మే మొదటి వారంలో రాజు మారువేషంలో కోట దాటాడు. తిరుగుబాటు ముందే బయటపడిపోయింది, మూడు రోజుల్లో పట్టుకున్నారు. కేసు రాసి శిక్షలు ఖరారు చేసే బాధ్యతను విద్యా మంత్రి హో దాక్ చుంగ్ మీద పెట్టారు. ఈయన కూతురినే దుయ్ తాన్‌కు ఇచ్చి పెళ్ళి చేయాలని అంతకు ముందు అనుకున్నారు. కాబోయే అల్లుడి మీద తీర్పు రాయాలి. రాయనంటే ఫ్రెంచి వాళ్ళు, రాస్తే ఊరు. అడకత్తెరలో పోకచెక్క.

'చుంగ్' అంటే విశ్వాసం, రాజభక్తి. తిరుగుబాటు పెద్దల్లో ఒకడైన చాన్ కావ్ వాన్ జైలు నుంచి ఈయనకు రహస్యంగా చీటీ పంపాడు. విశ్వాసపాత్రుడు ఎవరు, ధర్మం ఎవరిది, ఈ పల్లకీలు, గొడుగులు ఎవరివి అన్న ధోరణిలో, మంత్రి పేరునే ప్రశ్నగా మార్చి. నన్ను చంపినా ఫరవాలేదు, రాజు ప్రాణం కాపాడమని కోరిక. చాన్ కావ్ వాన్‌నూ, ఇంకొందరినీ తల నరికారు. రాజుకు ప్రాణం దక్కింది. తండ్రీ కొడుకులిద్దరినీ రీయూనియన్ పంపారు. ఆ అమ్మాయిని తర్వాత కొత్త రాజు ఖాయ్ దిన్‌కు ఇచ్చారు.

మెట్టవలస మాస్టారు | ఆదివారం, రాత్రి 9:10

ఉరికంబం నీడలో శ్లేష. ఇంకేం మాట్లాడను.

అయితే మన సామెతలో 'ఖా' అనే పేరుకు కూడా అర్థం ఉందా?

పాత కాగితాలు | ఆదివారం, రాత్రి 9:26

ఉంది. ఆయన పేరు రాసే అక్షరానికి 'తగును' అని అర్థం. కాబట్టి 'రాజును పంపడం ఖా కాదు' అంటే 'తగదు' అని కూడా వినిపిస్తుంది. గైడు కాగితం మీద రాసిచ్చింది కానీ ఇది చెప్పలేదేమో.

శ్లేష అంటున్నారు కాబట్టి అసలు విందు ఇప్పుడు. బాయ్ పదవి ఎలా పోయిందో.

1932లో బావో దాయ్ ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చాడు. పంతొమ్మిదో ఏట ఉన్నవాడు, సూటు, కారు. పాతవాళ్ళు సాష్టాంగాలు పడుతుంటే వద్దన్నాడు. 1933 మే 2న ఒక్క ఉత్తర్వుతో అయిదుగురు ముసలి మంత్రులను ఇంటికి పంపాడు. బాయ్ (ఉద్యోగుల శాఖ), దాన్ (న్యాయం), లియెవ్ (యుద్ధం), లియెమ్ (ఆచారాలు), దాయ్ (నిర్మాణాలు). ఇందులో ఫామ్ లియెవ్ అంటే 1898లో క్వాంగ్ నామ్ నుంచి ఒకేసారి పాసై 'కలిసి ఎగిరిన అయిదు హంసలు' అనిపించుకున్న వాళ్ళలో ఒకడు. హంస కాదు, వాళ్ళ పురాణ పక్షి, మనకు దగ్గర మాట దొరకడం లేదు.

మర్నాటికి ఊళ్ళో ఒక ఎనిమిది పాదాల పద్యం పాకిపోయింది. అయిదుగురి పేర్లూ, అయిదు శాఖల పేర్లూ అందులో మామూలు మాటల్లా ఇమిడిపోయాయి. అయిదుగురు పెద్దలు ఉన్నట్టుండి దభీమని పడ్డారని మొదలవుతుంది. 'బాయ్' అంటే మాండరిన్ ఛాతీ మీద వేలాడే దంతపు బిళ్ళ కూడా. ఉద్యోగుల శాఖ పేరు 'లాయ్', ఆ ధ్వనికే 'తిరిగి' అని కూడా అర్థం. దాంతో ఆ పాదం 'బిళ్ళ ఇక తగిలించుకోను, తిరిగి సమర్పిస్తున్నా' అని చదువుకోవచ్చు, 'బాయ్ మంత్రి పదవి పోయింది' అనీ చదువుకోవచ్చు. 'దాన్' అంటే వీణలాంటి వాద్యం: ఎవరూ వినడం లేదు. మిగతావీ ఇలాగే.

మెట్టవలస మాస్టారు | ఆదివారం, రాత్రి 9:44

అవధానంలో ఇస్తే దత్తపది అంటాం దీన్ని! కొన్ని మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమనడం. ఆ కవి ఏ శతావధానికీ తీసిపోడు. నేను రాత్రంతా కూర్చుంటా, బాయ్, దాన్, లియెవ్ పెట్టి తెలుగులో ఆటవెలది వస్తుందేమో చూస్తా.

నాలుగో అటెంప్ట్ | ఆదివారం, రాత్రి 9:50

మరి కొత్త మంత్రులెవరు వచ్చారు?

పాత కాగితాలు | ఆదివారం, రాత్రి 10:35

ముగ్గురి గురించి చెబితే చాలు, ముగ్గురివీ మూడు దారులు.

అంతర్గత వ్యవహారాల మంత్రి ఙో దిన్ దియెమ్, ముప్పై రెండేళ్ళు. మన ఖా గారి కొడుకే. అన్నకు బాయ్ కూతురినిచ్చారు, కాబట్టి బాయ్ చలవతో చకచకా ఎదిగాడు. హనోయ్ పరిపాలన స్కూల్లో ఫస్టు, ఇరవై ఎనిమిదేళ్ళకే బిన్ థువాన్ ప్రాంతాధిపతి. మంత్రయ్యాక చట్టసభ కావాలన్నాడు, ఫ్రెంచి వాళ్ళు కుదరదన్నారు, జూలైలో రాజీనామా. మూడు నెలలు కూడా లేడు. ఈయనే 1955లో దక్షిణ వియత్నాం అధ్యక్షుడై, 1963 నవంబరులో సొంత సైన్యం చేతిలో చచ్చిపోయాడు.

రెండో మనిషి ఫామ్ క్విన్. పాత పరీక్షలు రాయనివాడు, దుబాసీల కాలేజీ చదువు. 1917 నుంచి నామ్ ఫోంగ్ పత్రిక నడిపి వియత్నామీ వచనాన్ని నిలబెట్టినవాడు. ఫ్రెంచి వాళ్ళతో కలిసే బాగుపడాలన్నది ఆయన లైను. 1945 ఆగస్టు తర్వాత వియత్ మిన్ (హో చి మిన్ నడిపిన స్వాతంత్ర్య ఉద్యమం) వాళ్ళు కాల్చేశారు. దియెమ్ అన్నను, అంటే బాయ్ అల్లుడిని, కూడా అప్పుడే.

మూడోవాడు న్యాయ మంత్రి బుయ్ బాంగ్ దోవాన్. పాత పరీక్ష పాసైన చివరి తరం. పన్నెండేళ్ళు బావో దాయ్ దగ్గర మంత్రి. 1946లో హో చి మిన్ జాతీయ సభకు స్థాయీ సంఘ అధ్యక్షుడు. అదే దోవాన్, అదే కోటు.

బాయ్ గారు క్వాంగ్ చీలో తన తోటలో 1935లో పోయాడు.

సరళరేఖ | ఆదివారం, రాత్రి 11:02

నేను మొదట్లో కోపంగా అడిగాను, కోపం పోయిందని అనను. ఖా ఒకసారి కాదన్నాడు, బాయ్ ఒకసారి కాదన్నాడు. జీవితకాలం ఉద్యోగంలో ఒక్కొక్క 'కాదు'. దానికి సామెత కట్టారంటే మిగతా వాళ్ళు ఎన్నిసార్లు అవునన్నారో.

కొల్లేరు కొంగ | సోమవారం, ఉదయం 6:40

అందరికీ థాంక్స్. రాత్రి పడుకోకుండా మొత్తం మళ్ళీ చదివాను.

చెప్పడం మర్చిపోయా, ఆ తు దుక్ సమాధికి మేమూ వెళ్ళాం. ఊరికి కాస్త దూరం, చెరువు, పైన్ చెట్లు, బతికుండగానే కట్టించుకుని అక్కడే కవిత్వం రాసుకునేవాడట. చివర్లో ఒక మంటపంలో పెద్ద రాతి పలక ఉంది. మామూలుగా చచ్చిపోయిన రాజు గొప్పలు కొడుకు రాయిస్తాడు. ఈయనకు పిల్లల్లేరు, అందుకని తానే రాసుకున్నాడు. అందులో తన తప్పులు కూడా ఉన్నాయని గైడు చెప్పింది, పరదేశీయులకు భూమి పోగొట్టుకున్న సంగతితో సహా. ఆయన శరీరం నిజంగా ఆ గోడ వెనకే ఉందో, ఇంకెక్కడైనా దాచారో ఇప్పటికీ ఎవరికీ తెలియదట.

ఆ తొమ్మిదో రాయి ఫోటో రాత్రికి పెడతా. మాస్టారూ, ఆటవెలది?

మెట్టవలస మాస్టారు | సోమవారం, ఉదయం 6:52

'దాన్' దగ్గర గణం తప్పుతోంది. సాయంత్రం దాకా టైమివ్వండి.